ముప్పై ఏళ్ల థెరాజా, తొమ్మిదేళ్ల హెవెన్లీ క్లాక్‌వర్క్

నా బల్ల మీద మూడు పుస్తకాలు ఎప్పుడూ ఉంటాయి. ఒకటి బి.ఎల్. థెరాజా ‘ఎ టెక్స్ట్‌బుక్ ఆఫ్ ఎలక్ట్రికల్ టెక్నాలజీ’ రెండో సంపుటం. నేను పాలిటెక్నిక్‌లో చేరినప్పుడు నాన్నగారు కొనిపెట్టారు. ఇప్పటికి రెండుసార్లు బైండింగ్ చేయించాను. రెండోది హొరోవిట్జ్, హిల్ కలిసి రాసిన ‘ది ఆర్ట్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్’, 1989 నాటి రెండో ఎడిషన్. మూడోది ఈ రెండింటి పక్కన ఉండాల్సింది కాదు అనిపిస్తుంది చూసినవాళ్లకి: ‘హెవెన్లీ క్లాక్‌వర్క్’. వెయ్యేళ్ల కిందటి చైనా నీటి గడియారాల మీద జోసెఫ్ నీడమ్, వాంగ్ లింగ్, డెరెక్ డి సొల్లా ప్రైస్ రాసిన పుస్తకం. మొదట 1960లో వచ్చింది. నా దగ్గరున్నది 1986 ఎడిషన్, జాన్ కాంబ్రిడ్జ్ అనుబంధంతో కలిపి వేసినది.

సబ్‌స్టేషన్లలో రిలేలు, అంటే లైనులో తేడా వస్తే పసిగట్టి కరెంటు ఆపించే పరికరాలు, పరీక్షించడం నా ఉద్యోగం. చదివింది పొద్దున్నే యంత్రం మీద నిజమో కాదో తేలిపోయే పని అది. అందుకే ఇలాంటి పుస్తకాలని నేను చూసే పద్ధతి వేరు. బాగా రాశారా, బొమ్మలు బాగున్నాయా అన్నది తర్వాత. రచయిత తనకి ఖాయంగా తెలిసిన చోటు ఎక్కడ ఆగిందో, ఊహ ఎక్కడ మొదలైందో నాకు చూపించాడా లేదా అన్నది ముందు.

కొత్త ఎలక్ట్రికల్ పుస్తకం చేతికొస్తే నేను ముందు తీసే పేజీ ఒకటుంది. లైనులోని పెద్ద కరెంటుని మీటరుకి తగ్గట్టు తగ్గించి ఇచ్చే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ (సీటీ) సెకండరీని, అంటే మీటరు వైపు చుట్టని, ఎప్పుడూ విప్పి ఉంచకూడదు అని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. ఎందుకో చెప్పారా అని చూస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక లైన్‌మన్ ఇదే అడిగాడు: “అలా విప్పితే ఏమవుద్ది సార్?” అప్పుడు నేను చదివిన ఒక గైడులో “ప్రమాదకరం” అన్న ఒక్క మాటే ఉంది. నాకు జవాబు రాలేదు. ఆ రాత్రి థెరాజా తీశాను.

సీటీ ప్రైమరీ, అంటే లైను వైపు చుట్ట, లైనుతో సిరీస్‌లో ఉంటుంది. అందులో ఎంత కరెంటు పారాలో లైను మీద లోడు నిర్ణయిస్తుంది గానీ సీటీ కాదు. సెకండరీకి అమ్మీటరో రిలేయో కట్టి ఉన్నంతసేపు సెకండరీ ఆంపియర్ టర్న్స్ (కరెంటుని చుట్ల సంఖ్యతో గుణిస్తే వచ్చేది) ప్రైమరీ ఆంపియర్ టర్న్స్‌కి ఎదురు నిలబడతాయి, ఇనప కోర్‌లో ఫ్లక్స్, అంటే అయస్కాంత ప్రవాహం, కొద్దిగానే ఉంటుంది. సెకండరీ విప్పగానే ఆ ఎదురు పోతుంది. ప్రైమరీ కరెంటు మాత్రం తగ్గదు. అదంతా కోర్‌ని మాగ్నటైజ్ చేయడానికే పోతుంది. కోర్ వేడెక్కుతుంది, శాచురేట్ అవుతుంది, సెకండరీ కొసల మధ్య వేల వోల్టులు లేవగలవు. మర్నాడు ఆ లైన్‌మన్‌కి కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. ఈ “ఎందుకు” ఉన్న పుస్తకం ఒక ప్రాణాన్ని కాపాడగలదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

థెరాజా బలం లెక్కలు. చేసి చూపించినవి, చేయమని వదిలినవి కుప్పలు తెప్పలుగా ఉంటాయి. తెలుగు మీడియంలో పదో తరగతి చదివి వచ్చిన నాలాంటివాడికి ఆ ఇంగ్లీషు అడ్డం రాలేదు. పరీక్ష పాసవడానికి అది చాలు. కానీ ముప్పై ఏళ్ల తర్వాత చెబుతున్నాను, లెక్కల మధ్య యంత్రం కనిపించకుండా పోయే చోట్లు ఉన్నాయి. నాలుగు పోల్స్ ఇండక్షన్ మోటారు సింక్రనస్ వేగం (లోపలి అయస్కాంత క్షేత్రం తిరిగే వేగం) నిమిషానికి 1500 చుట్లు, ఫుల్ లోడులో మోటారు తిరిగేది 1440, కాబట్టి స్లిప్, అంటే వెనకబడటం, 4 శాతం అని చకచకా చేసేస్తాం. అసలు ఆ మోటారు 1500 ఎందుకు అందుకోలేదో ఒక నిమిషం ఆగి ఆలోచించం. అందుకుంటే రోటర్ (తిరిగే భాగం) కండక్టర్లని ఫ్లక్స్ కోయదు, రోటర్‌లో కరెంటు ఉండదు, తిప్పే బలమే ఉండదు. ఈ సంగతి పుస్తకంలో ఉంది. కానీ విద్యార్థి కన్ను కింద బాక్సులో ఉన్న ఫార్ములా మీదే పడుతుంది. అది పుస్తకం తప్పా, మన చదువుల తప్పా అంటే, రెండోదే ఎక్కువ అంటాను.

నా కాపీ మార్జిన్లలో పెన్సిల్ రాతలు చాలా ఉన్నాయి. ఎక్కువగా ఉష్ణోగ్రత గురించే. రాగి తీగ రెసిస్టెన్స్ 20 డిగ్రీల దగ్గర 1 ఓమ్ ఉంటే, 75 డిగ్రీల దగ్గర సుమారు 1.22 ఓమ్ అవుతుంది. లెక్కలో “రెసిస్టెన్స్ 0.5 ఓమ్” అని ఇస్తే, ఎన్ని డిగ్రీల దగ్గర అని అడగడం నేను ఫీల్డులోకి వచ్చాకే నేర్చుకున్నాను. డిసెంబరు తెల్లవారుజామున కొలిచిన వైండింగూ, మే నెల మధ్యాహ్నం ఫుల్ లోడులో ఉన్న వైండింగూ ఒకటి కావు. ఏ ఎలక్ట్రికల్ పుస్తకమైనా టేబుల్ పక్కన ఉష్ణోగ్రత వేయకపోతే ఆ టేబుల్‌ని నేను వాడను.

‘ఆర్ట్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్’ గురించి తక్కువ చెబుతాను. చెప్పుకోవాల్సినది తక్కువై కాదు, దాని గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. 1980లో మొదటి ఎడిషన్, 2015లో మూడోది. నేను రెండోదాన్నే పట్టుకుని ఉండటానికి కారణం అధ్యాయాల చివర ఉండే “బ్యాడ్ సర్క్యూట్స్” పేజీలు. పని చేయని సర్క్యూట్లు గీసి, ఎందుకు పని చేయవో మిమ్మల్నే కనుక్కోమంటారు. తప్పుని ఇంత గౌరవంగా ముందు పెట్టిన టెక్నికల్ పుస్తకం నేను ఇంకోటి చూడలేదు. విద్యుత్తుని నిలవ చేసే కెపాసిటర్ మెల్లగా చార్జ్ అయ్యి, ఒక హద్దు దాటగానే ఒక్కసారి ఖాళీ అయ్యి, మళ్లీ మొదలుపెట్టే రిలాక్సేషన్ ఆసిలేటర్ ఇందులోనే నాకు బాగా అర్థమైంది. అది తెలియకపోయి ఉంటే మూడో పుస్తకం నాకు అంతు చిక్కేది కాదు.

ఇక హెవెన్లీ క్లాక్‌వర్క్.

చైనాలో సోంగ్ రాజుల కాలంలో, 1086లో, సు సోంగ్ అనే అధికారికి ఖగోళ గడియారం కట్టమని ఆజ్ఞ వచ్చింది. ఆయన హాన్ గోంగ్‌లియన్ అనే లెక్కలు తెలిసిన ఉద్యోగిని వెతికి పట్టుకున్నాడు. హాన్ ముందు లెక్కలతో ఒక పుస్తకం రాసి చూపించాడు, తర్వాత కొయ్యతో నమూనా చేశారు, 1088లో పూర్తి కొలత కొయ్య యంత్రం నడిపి చూశారు, ఆ తర్వాతే కంచు పోశారు. కాగితం, నమూనా, పరీక్ష, అసలు యంత్రం: ఈ వరస చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. మేము ఇవాళ కూడా చేసేది ఇదే. రాజధాని కైఫెంగ్‌లో లేచిన ఆ గోపురం ఎత్తు దాదాపు 12 మీటర్లు. పైన ఆకాశాన్ని కొలిచే కంచు వలయాలు, మధ్య అంతస్తులో నక్షత్రాల గోళం, కింద ఐదంతస్తుల మండపం. ఆ మండపం తలుపుల్లో కొయ్య బొమ్మలు వచ్చి గంట కొట్టి, డప్పు వాయించి, పలకలు చూపించి వేళ చెప్పేవి.

వీటన్నిటినీ నడిపింది లోపల ఉన్న ఒక నీటి చక్రం. అడ్డుకొలత 11 ‘చీ’లు (చీ అంటే పాత చైనా కొలత), మన లెక్కలో దాదాపు 11 అడుగులు. దాని అంచున 36 దొప్పలు. నీళ్లు ఒక దొప్పలోకి సన్నగా పడుతుంటాయి. దొప్ప నిండి తగినంత బరువు రాగానే కింద ఉన్న తూకపు కొయ్యని నొక్కుతుంది, అది ఒక గొలుసుని లాగుతుంది, పైన చక్రాన్ని ఆపి ఉంచిన గడియ లేస్తుంది. చక్రం ఒక్క అడుగు ముందుకు వేస్తుంది. గడియ మళ్లీ పడుతుంది. తర్వాతి దొప్ప నీళ్ల కిందికి వస్తుంది. దొప్ప కెపాసిటర్, తూకపు కొయ్య హద్దు, గడియ లేవడం డిశ్చార్జ్. నాకు ఇది అర్థమైన రోజు పుస్తకం మూసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

ఈ పుస్తకాన్ని నేను నమ్మడానికి కారణం ఒక్కటే. సు సోంగ్ 1090ల్లో తన యంత్రం గురించి రాసిన ‘షిన్ యి షియాంగ్ ఫా యావో’లో గడియారం భాగాన్ని అనువదించి, పాత బొమ్మలని పాత బొమ్మలుగానే అచ్చేసి, తాము ఊహించి గీసిన బొమ్మలని విడిగా ఇచ్చారు. భాగాల పేర్లు చైనా లిపిలోనూ ఉన్నాయి. నాకు ఆ లిపి రాదు. కానీ తెలిసినవాళ్ల చేత ఒక్కో అక్షరం చదివించుకుని సరిచూసుకునే వీలుంది. ఆ వీలు పాఠకుడికి ఇవ్వడమే నిజాయితీ.

తొమ్మిదేళ్ల కిందట నమూనా మొదలుపెట్టాను. ఒకటిన్నర అడుగు చక్రం, టేకు పుల్లలు, దొప్పలకి దగ్గు మందు సీసాల మీద వచ్చే కొలత కప్పులు 36. నీటికి సెలైన్ గొట్టం. మొదటి రోజు చక్రం వేసే ఒక్కో అడుగుకి 24 సెకన్లు పట్టేలా సర్ది, అన్నం తిని వచ్చేసరికి 29 సెకన్లు పడుతోంది. బక్కెట్లో మట్టం తగ్గింది, ధార సన్నబడింది, అంతే. పుస్తకం తిరగేస్తే ఆ చోట సు సోంగ్ రెండు తొట్లు పెట్టాడు. పైది టియాన్‌చి, ఆకాశపు చెరువు. కిందది పింగ్‌షుయ్ హు, అంటే మట్టం మారని పాత్ర. నేను అనవసరమని వదిలేసింది ఆ రెండోదాన్నే. పొంగి పక్కకి పోయేలా చిన్న డబ్బా ఒకటి మధ్యలో పెట్టాక రోజంతా ధార ఒకేలా ఉంది. కరెంట్ సోర్స్ స్థిరంగా లేకుండా టైమర్ స్థిరంగా ఉండదని రోజూ రిలేలతో చెప్పుకునేవాణ్ణి, నీళ్ల దగ్గర మర్చిపోయాను.

రెండో ఇబ్బంది చక్రం దగ్గర వచ్చింది. గడియ పడగానే చక్రం దానికి కొట్టుకుని వెనక్కి వచ్చేది. చక్రం చేసిపెట్టిన వడ్రంగి ఒక పూట కూర్చుని చూసి, “ఇది వెనక్కి తన్నుతోందండీ, ఇటుపక్క కూడా ఓ పిల్ల ఉండాలి” అన్నాడు. కాంబ్రిడ్జ్ అనుబంధం విప్పాను. ఎడమ తాళం, కుడి తాళం అని రెండున్నాయి, నేను ఒకటే పెట్టాను. కాంబ్రిడ్జ్ 1962 నాటికే పని చేసే నమూనా కట్టి, మొదటి ఎడిషన్‌లో కాగితం మీద ఊహించిన కదలికని చేత్తో సరిదిద్దాడు. ఆ సవరణని అదే పుస్తకంలో చేర్చి 1986లో మళ్లీ వేశారు. మొదటి ఎడిషన్ చవగ్గా దొరికినా దయచేసి అనుబంధం ఉన్నదే కొనండి.

ఇక్కడ మన పాఠకులకి ఒక్క మాట. చైనావాళ్లు రోజుని 100 భాగాలు చేసేవాళ్లు. చక్రం రోజుకి 100 చుట్లు తిరుగుతుందని కాంబ్రిడ్జ్ లెక్క. చుట్టుకి 36 దొప్పలు కాబట్టి రోజుకి 3600 అడుగులు, అడుగుకి 24 సెకన్లు. మన పంచాంగంలో రోజుకి 60 గడియలు, గడియకి 60 విఘడియలు. రోజుకి 3600 విఘడియలు, విఘడియ అంటే 24 సెకన్లు! ఇది అక్కడినుంచి ఇక్కడికో ఇక్కడినుంచి అక్కడికో వెళ్లిందని నేను అనడం లేదు. 36 అన్న సంఖ్య, 100 అన్న సంఖ్య కలిసి అలా కుదిరాయి. కానీ నా చక్రం టక్కుమన్నప్పుడల్లా ఒక విఘడియ గడిచిందని తెలియడం నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

పుస్తకంతో నాకు పేచీ ఒకే చోట. సు సోంగ్‌కి ముందు 725లో యి షింగ్, లియాంగ్ లింగ్‌జాన్ చేసిన యంత్రం, చలికి నీళ్లు గడ్డకట్టకుండా పాదరసంతో నడిపిన జాంగ్ సిషున్ యంత్రం, ఇవన్నీ ఆధారాలతో బాగా చెప్పారు. కానీ ఈ ఆలోచన యూరప్ గడియారాల దాకా చేరి ఉండొచ్చన్న చోట రచయితల కోరిక ఆధారాలకంటే ముందు నడుస్తుంది. యూరప్‌లో 13వ శతాబ్దం చివర కనిపించిన గడియారాల్లో కాలాన్ని పంచేది అటూ ఇటూ ఊగే కడ్డీ. ఇక్కడ పంచేది ధార. ఒక రిలే ఇంజనీరుగా చూస్తే ఈ రెండూ వేరు సూత్రాలు. ఆ పేజీలని అభిప్రాయంగా చదవండి, మిగతావి కొలతగా చదవండి.

1127లో ఉత్తరాది నుంచి వచ్చిన జుర్చెన్ జాతివాళ్లు కైఫెంగ్‌ని పట్టుకుని యంత్రాన్ని విప్పి ఉత్తరానికి తీసుకెళ్లారు. దక్షిణానికి పారిపోయిన సోంగ్ ఆస్థానం మళ్లీ కట్టించాలని చూసినా కుదరలేదు. సు సోంగ్ పుస్తకం మిగిలే ఉంది, 1172లో మళ్లీ అచ్చయింది కూడా. ఒక్కో భాగం పేరు, కొలత ఉన్నాయి. ఏది ఏ క్షణంలో దేన్ని తాకుతుందో మాత్రం చేసిన చేతులకే తెలుసు. నా దగ్గర పనిచేసే కుర్రాళ్లకి రిలే సెట్టింగుల రిజిస్టరు రాయిస్తున్నప్పుడు ఈ సంగతి ప్రతిసారీ గుర్తొస్తుంది. విలువ ఒక్కటే రాసి వదలొద్దు, ఎందుకు పెట్టామో కూడా రాయండి అంటాను.

ఎవరు ఏది కొనాలి? డిప్లొమా, బీటెక్ పిల్లలకి థెరాజా చాలు, కానీ ప్రతి లెక్క పక్కన “ఎందుకు” అని రాసుకునే అలవాటుతో. సొంతంగా సర్క్యూట్లు కట్టేవాళ్లకి హొరోవిట్జ్, హిల్. హెవెన్లీ క్లాక్‌వర్క్ ఖరీదెక్కువ, చదవడం నెమ్మది, చేత్తో ఏదో ఒకటి కట్టే ఓపిక ఉంటేనే.

నాకు ఇంకా మిగిలింది టియాన్‌టి, ఆకాశపు నిచ్చెన. పైనున్న కంచు వలయాలకి కదలిక అందించే గొలుసు అది. మొదట పొడుగాటి కొయ్య ఇరుసు ఉండేదట, తర్వాత గొలుసు పెట్టారు. సైకిల్ చైన్ వేసి చూశాను, నా చక్రానికి బరువెక్కువై అడుగు 24 నుంచి 31 సెకన్లకి పోయింది. వడ్రంగి ఇత్తడి రేకుతో లింకులు కోస్తున్నాడు. ఇప్పటికి పదకొండు అయ్యాయి.