జీసాప్: టైమ్‌లైన్ కోసమైనా వాడొచ్చు

వెబ్‌పేజీలో ఒక కార్డు పక్కనుంచి జారుకుంటూ వచ్చి ఆగడానికి జీసాప్ (GSAP) లాంటి జావాస్క్రిప్ట్ యానిమేషన్ లైబ్రరీ ఎందుకు, పేజీ రూపం చెప్పే సీఎస్ఎస్‌లోనే ఉన్న ట్రాన్సిషన్ చాలదా అంటే, చాలు. ఒక్క కార్డుకైతే చాలు. హెడింగ్ రావాలి, అది పూర్తిగా ఆగకముందే బొమ్మ, బొమ్మ వెనకాలే ఆరు కార్డులు ఒకదాని తర్వాత ఒకటి రావాలి అన్నప్పుడే తలనొప్పి మొదలయ్యేది. ప్రతిదానికీ డిలే లెక్కేసి రాస్తాం, క్లయింట్ వచ్చి "హెడింగ్ ఇంకాస్త నెమ్మదిగా" అంటాడు, లెక్కలన్నీ మళ్ళీ మొదటికి.

జీసాప్‌లో నాకు నచ్చింది ఈ టైమ్‌లైనే. ఒక్కోటీ వరసగా పేర్చుకుంటూ పోతే చాలు, ముందుదాని నిడివి మారితే వెనకవన్నీ వాటంతటవే జరుగుతాయి. బొమ్మ 0.3 సెకన్లు ముందే మొదలవ్వాలంటే ఆ లైను చివర "-=0.3" అని పెట్టడమే. ఆరు కార్డులకీ స్టాగర్, అంటే ఒక్కోదాని మొదలుకీ మధ్య ఎడం, 0.1 సెకను, అంతే. మెనూ తెరుచుకునే యానిమేషన్ రాస్తే మూసుకునేది విడిగా రాయక్కర్లేదు, రివర్స్ అంటే సరి.

ఒక చోట మాత్రం సగం రోజు పోయింది, తప్పు నాదే. బటన్ నొక్కగానే కార్డు మెల్లగా కనిపించాలని, ఎక్కడినుంచి మొదలవ్వాలో మాత్రమే చెప్పే ఫ్రమ్ (from) వాడి ఒపాసిటీ 0, అంటే అసలు కనిపించని స్థితి, ఇచ్చాను. ఒకసారి నొక్కితే బాగానే ఉంది, గబగబా రెండుసార్లు నొక్కితే కార్డు మసకమసగ్గా అలాగే ఉండిపోయింది. ఫ్రమ్ ఆ క్షణంలో ఉన్న విలువనే గమ్యం అనుకుంటుంది మరి, నేను మధ్యలో నొక్కితే అప్పుడున్న 0.4 దగ్గరే ఆగింది. ఫ్రమ్‌టు వాడి మొదలూ చివరా రెండూ చెప్పాక కుదిరింది. ఇంకోటి, సీఎస్ఎస్‌లో అదే ప్రాపర్టీకి పాత ట్రాన్సిషన్ లైను ఉంటే తీసేయండి, లేకపోతే రెండూ పోట్లాడుకుని కదలిక జిడ్డుగా వస్తుంది.

కదపడానికి సీఎస్ఎస్‌లోని లెఫ్ట్, టాప్ వద్దు, జీసాప్‌లోని ఎక్స్, వై వాడండి. లెఫ్ట్ మారిన ప్రతిసారీ బ్రౌజర్ లేఅవుట్ లెక్క మళ్ళీ కట్టుకోవాలి, 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో ఫ్రేముకీ దొరికేది 16.7 మిల్లీసెకన్లే, పాత ఫోన్లో ఆ తేడా కంటికే తెలిసిపోతుంది.

డబ్బు సంగతికొస్తే, 2024లో జీసాప్ వెబ్‌సైట్లు కట్టే టూల్ చేసే కంపెనీ వెబ్‌ఫ్లో చేతికి వెళ్ళాక 2025 నుంచి ప్లగిన్లన్నీ ఉచితం. అక్షరాలు విడదీసే స్ప్లిట్‌టెక్స్ట్, ఆకారాలు మార్చే మార్ఫ్‌ఎస్‌వీజీ ఒకప్పుడు డబ్బు కట్టినవాళ్ళకే. ఉచితం అన్నంత మాత్రాన ఓపెన్ సోర్స్ కాదు, కోడ్ లేకుండా యానిమేషన్లు చేసుకునే టూల్ ఏదైనా కడుతుంటే ముందు లైసెన్సు చదవండి. మౌస్ పెడితే బటన్ రంగు మారడం లాంటివాటికి మాత్రం జీసాప్‌ని దించకండి, సీఎస్ఎస్‌లో ఒక్క లైను పని.