ప్రభుత్వమే పొలాన్ని కౌలుకు తీసుకుంటే: అమెరికా నేల సంరక్షణ పథకంపై సమీక్ష

గాలికీ వానకూ మట్టి కొట్టుకుపోయే పొలాన్ని దున్నకుండా గడ్డికో చెట్లకో వదిలిన యజమానికి అమెరికా ప్రభుత్వం ఏటా కౌలు చెల్లిస్తుంది. 1985 ఆహార భద్రత చట్టంతో మొదలైన ఈ కన్సర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్‌లో ఒప్పందం 10 నుంచి 15 ఏళ్లు ఉంటుంది. గడ్డి నాటే ఖర్చులో సగం దాకా ప్రభుత్వమే భరిస్తుంది. దరఖాస్తులను అమెరికా వ్యవసాయ శాఖలోని ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ స్థానిక కార్యాలయాలు తీసుకుంటాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది ఎంపిక పద్ధతి. దరఖాస్తుదారులు ఒకరితో ఒకరు పోటీపడే సాధారణ విడతలో ముందు వచ్చినవారికి ముందు అన్న లెక్క లేదు. నేల కోత తీవ్రత, నీటి నాణ్యత, వన్యప్రాణులకు కలిగే మేలు, యజమాని అడిగే కౌలు, వీటన్నిటినీ చూసి మార్కులు వేస్తారు కాబట్టి, ప్రజల సొమ్ము అవసరమున్న నేలకే చేరే అవకాశం ఎక్కువ. మధ్యలో ఒప్పందం వదులుకుంటే అప్పటిదాకా అందుకున్న సొమ్మును వడ్డీతో తిరిగి కట్టాలన్న నియమం కఠినమే అయినా న్యాయమైనది. కరువు కాలంలో ఆ గడ్డిని కోసుకోవడానికి, పశువులను మేపడానికి ప్రత్యేక అనుమతి ఇవ్వడం పశుపోషకులకు నిజమైన ఆసరా.

అసలు లోపం గడువులోనే ఉంది. 2007లో ఈ పథకం కింద 3 కోట్ల 68 లక్షల ఎకరాలు ఉండేవి. మొక్కజొన్నతో తయారుచేసే ఇంధనం ఇథనాల్‌కు గిరాకీ పెరిగి, మొక్కజొన్న ధర కూడా పెరిగిన ఆ తరువాతి ఏళ్లలో, గడువు తీరిన ఒప్పందాలను చాలామంది పొడిగించుకోక మళ్లీ నాగలి పెట్టారు. ఏళ్ల తరబడి ప్రజాధనంతో నిలబెట్టిన మట్టి ఒక్క ధరల పెరుగుదలకే తిరిగి కోతకు గురికావడం నన్ను నిజంగా బాధిస్తుంది. 2014 వ్యవసాయ చట్టం పథకంలో చేరగల భూమి గరిష్ఠ పరిమితిని 2 కోట్ల 40 లక్షల ఎకరాలకు తగ్గించింది. 2018 వ్యవసాయ చట్టం 2023 నాటికి దానిని 2 కోట్ల 70 లక్షలకు పెంచినా, సాధారణ విడతలో చెల్లించే కౌలును కౌంటీ (మన జిల్లా లాంటి పాలనా విభాగం) సగటు కౌలులో 85 శాతానికే పరిమితం చేసింది. విస్తీర్ణం పెంచాలనుకుంటూ ప్రతిఫలం తగ్గించడం పొంతనలేని నిర్ణయం.

ఏటవాలుగా ఉండి, పైమట్టి పలుచబడి, దిగుబడి పెట్టుబడికే సరిపోని పొలం ఉన్నవారు తప్పక దరఖాస్తు చేయదగిన పథకమిది. గడువు ముగిసిన భూమిని కొత్తగా సేద్యంలోకి వచ్చే రైతుకు అమ్మినా కౌలుకిచ్చినా, నేలను కాపాడే పద్ధతిలో సాగు చేయాలన్న షరతుపై, రెండేళ్ల దాకా అదనపు కౌలు ఇచ్చే వెసులుబాటు 2008 వ్యవసాయ చట్టంతో వచ్చింది. సాగు నుంచి విరమణకు దగ్గరైన యజమానులు దానిని ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.