దూరం పక్కా, టైమ్ మాత్రం నమ్మలేం

టికెట్లు బుక్ చేసే పని నాది. ఛార్జీ మాట అయ్యాక అందరూ అడిగేది ఒకటే: "ఎన్ని గంటలు కూర్చోవాలండీ?" పెద్దవాళ్లను ఒంటరిగా పంపేవాళ్లకు అసలు టెన్షన్ అక్కడే. అందుకే రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం, ప్రయాణ సమయం చెప్పే సైటొకటి రోజూ వాడుతుంటాను.

దూరం లెక్కకు వంక పెట్టడానికి లేదు. జేఎఫ్‌కే, ఎల్‌హెచ్‌ఆర్ అని కొడితే న్యూయార్క్ నుంచి లండన్ హీత్రూకి 5,540 కిలోమీటర్లని వెంటనే చూపిస్తుంది. ఊరి పేరుతో సరిపెట్టకుండా మూడక్షరాల కోడ్ అడగడం నాకు బాగా నచ్చింది. లండన్‌లో హీత్రూతో పాటు గాట్విక్ కూడా ఉంది, టోక్యోకి నరిటా, హనేడా రెండూ ఉన్నాయి. దిగేది ఒకచోట, కారు వచ్చి నిలబడేది మరోచోట అయితే ఎంత ఇబ్బందో!

మ్యాప్ మీద దారి వంపుగా కనిపిస్తే కంగారు పడకండి. బంతి మీద రెండు చుక్కల మధ్య దారం బిగించి లాగితే ఎలా వస్తుందో, అదే ఆ గీత. భూమ్మీద అదే దగ్గరి దారి.

ఇక టైమ్. గంటకు 800 కిలోమీటర్ల వేగం, పైన ఓ 30 నిమిషాలు అని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ లెక్కన న్యూయార్క్–లండన్ 7 గంటల 25 నిమిషాలు. తిరుగు ప్రయాణానికీ అదే అంకె! ఇదెలా కుదురుతుంది? పైన జెట్ స్ట్రీమ్ గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. లండన్ వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురొస్తుంది. అందుకే విమాన సంస్థల టైమ్‌టేబుల్లో వెళ్లడానికి దాదాపు 7 గంటలు, రావడానికి దాదాపు 8 ఉంటాయి. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలుల ఊపుకి ఓ విమానం 5 గంటల లోపే లండన్ చేరింది.

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి నుంచి టోక్యో లెక్క ఇంకా ఘోరం. 7,800 కిలోమీటర్ల చిల్లర కాబట్టి పది గంటలు దాటుతుందంటుంది సైటు. 2022లో రష్యా గగనతలం మూసుకుపోయాక ఆ దేశపు విమాన సంస్థ ఫిన్‌ఎయిర్ విమానాలు చుట్టూ తిరిగి వెళ్తున్నాయి, 13 గంటల దాకా పడుతోంది. సైటుకి ఆ సంగతే పట్టదు. మధ్యలో విమానం మారితే ఆగే టైమూ కలపదు.

రానుపోను వేరువేరుగా చూపిస్తే ఎంత మేలో! అప్పటిదాకా దూరానికి దీన్ని వాడండి, గంటలకు విమాన సంస్థ టైమ్‌టేబుల్ చూడండి. అందులోనూ ఒక మెలిక ఉంది. సాయంత్రం 7కి న్యూయార్క్‌లో ఎక్కి, ఉదయం 7కి లండన్‌లో దిగితే 12 గంటల ప్రయాణం అనుకుంటారు. రెండు ఊళ్ల గడియారాల మధ్య సాధారణంగా 5 గంటల తేడా ఉంటుంది, అది తీసేస్తే కూర్చునేది 7 గంటలే. షుగర్ మందులు టైమ్‌కి వేసుకోవాల్సిన పెద్దవాళ్లకు ఈ లెక్క నేనే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిస్తున్నాను.