సముద్ర జీవుల స్నేహ కథల కార్డులు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

పిల్లలకు స్నేహం గురించి చెప్పడానికి వచ్చే చాలా బొమ్మల కథల్లో చేపలు, తాబేళ్లు మనుషుల్లాగే మాట్లాడుకుంటాయి. వాటి స్థానంలో కుక్కలనో పిల్లులనో పెట్టినా కథ ఏమీ మారదు. మా ఇంట్లో ఉన్న కార్డుల పెట్టె అలాంటిది కాదు. ఒక్కో కార్డుకు ముందు వైపు బొమ్మ, వెనుక ఒక చిన్న కథ ఉంటాయి. ఆ కథల్లో ఎక్కువ భాగం సముద్రంలో నిజంగానే కలిసి బతికే జీవుల మీద అల్లినవి. మా అబ్బాయి యూకేజీలో ఉండగా కొన్నాము. ఇప్పుడు వాడు నాలుగో తరగతి, యూకేజీ వంతు చెల్లెలిది. పెట్టె మూలలు చిరిగిపోయి రబ్బరు బ్యాండు మీద ఆధారపడి ఉంది.

అన్నిటిలోకీ బాగా నలిగినది గోబీ చేప, పిస్టల్ రొయ్యల కార్డు. రొయ్యకు చూపు సరిగా ఆనదు గానీ ఇసుకలో బొరియ తవ్వడంలో దానిది అందె వేసిన చెయ్యి. గోబీ తవ్వదు గానీ కళ్లు చురుకు. రొయ్య బయట పని చేస్తున్నంతసేపూ తన మీసాన్ని చేప ఒంటికి ఆనించి ఉంచుతుంది. ప్రమాదం కనిపించగానే చేప తోక అదిలిస్తుంది, రొయ్య లోపలికి దూరుతుంది, అవసరమైతే చేప కూడా వెనకే దూకుతుంది. మా పిల్లలు దీన్ని ఆటగా మార్చుకున్నారు. చెల్లెలు కళ్లకు నా చున్నీ కట్టుకొని, ఒక చెయ్యి అన్న భుజం మీద వేసి, రెండో చేత్తో దిండ్లు లాగుతుంది. నేను వంటింట్లోంచి వస్తుంటే వాడు భుజం కదపాలి, ఇద్దరూ మంచం కిందికి దూరాలి. ఒకసారి వాడు కాపలా మరచి కిటికీ దగ్గరికి వెళ్లిపోతే "అన్నయ్యా, నువ్వు గోబీవి కాదు పో, నీతో కచ్చి" అని తేల్చేసింది. నమ్మకం గురించి నేను విడిగా పాఠం చెప్పవలసిన అవసరం రాలేదు.

క్లీనర్ రాస్ కార్డు కాస్త పెద్ద పిల్లలకు పనికొస్తుంది. ఈ చిన్న చేప పెద్ద చేపల నోట్లోకీ మొప్పల్లోకీ వెళ్లి పరాన్నజీవులను ఏరి తింటుంది. అచ్చం దాని వేషంలోనే ఉండే బ్లెన్నీ చేప ఒకటి నమ్మించి దగ్గరికి చేరి, రెక్క ముక్క కొరుక్కొని పారిపోతుంది. స్నేహితుడిలా కనిపించే ప్రతివాడూ స్నేహితుడు కాడని చెప్పడానికి మన పంచతంత్రం కోతి స్నేహాన్ని మొసలితో ముడిపెట్టింది. ఇప్పటి పిల్లల పుస్తకాలు ఆ జోలికి పోవడానికి ఎందుకో జంకుతాయి. ఈ పెట్టె జంకలేదు.

ఇల్లు మారినప్పుడు అక్కరకు వచ్చినది సన్యాసి పీత కథ. ఖాళీ శంఖాల్లో కాపురముండే ఈ పీతల్లో కొన్ని రకాలు తమ శంఖం మీద ఎనిమోన్‌ అనే, పువ్వులా కనిపించే సముద్ర జీవిని మోస్తూ తిరుగుతాయి. ఒళ్లు పెరిగి పెద్ద శంఖంలోకి మారేటప్పుడు దాన్ని కూడా మెల్లగా ఊడదీసి కొత్త శంఖం మీదికి ఎక్కించుకుంటాయి. మావాడు పాత వీధి స్నేహితుడికి వారం వారం ఫోన్ చేయించమని పట్టుబట్టింది ఆ రోజుల్లోనే.

లోపాలు లేకపోలేదు. ఎనిమిది చేతులతో అందరినీ కౌగిలించుకునే ఆక్టోపస్ కార్డు శుద్ధ అబద్ధం. ఆక్టోపస్‌లు ఎక్కువగా ఒంటరిగా బతుకుతాయి. డాల్ఫిన్ ఎప్పుడూ నవ్వుతూ ఉంటుందని రాయడం కూడా అంతే; అది దాని దవడ ఆకారం. విచిత్రంగా, పిల్లలు అసలు ముట్టనివి ఈ రెండే. ఈ జీవులు ఎక్కడుంటాయో చెప్పే పటం లేదు. "మన బీచ్‌లో ఉంటాయా?" అని పిల్లలు అడిగినప్పుడు, వీటిలో కొన్నిటికి ఇల్లయిన పగడపు దిబ్బలు మన దేశంలో ప్రధానంగా అండమాన్ నికోబార్ దీవుల్లో, లక్షద్వీప్‌లో, మన్నారు, కచ్ సింధుశాఖల్లో ఉన్నాయని నేనే చెప్పవలసి వచ్చింది.

నాలుగేళ్లు దాటిన పిల్లలున్న ఇంటికి కొనవచ్చు, కానీ చేతికిచ్చి వదిలేయకుండా పక్కన కూర్చొని చదవాలి. ప్రతి కార్డు అడుగున లావు అక్షరాలతో అచ్చేసిన నీతి వాక్యం మీద మాత్రం ముందుగానే తెల్ల కాగితం అంటించండి. అది కనిపిస్తే పిల్లలు కథ వదిలేసి దాన్నే అప్పజెబుతారు.