టైగర్ 2000 మేలా, షెఫ్లర్ 2024 మేలా?

గోల్ఫర్ స్కాటీ షెఫ్లర్ టోర్నీ గెలిచిన ప్రతి సోమవారం పొద్దున్నే నా ఫోన్‌కి ఈ ప్రశ్న వస్తుంది. ఈసారి తీరిగ్గా చెబుతాను.

గెలుపుల లెక్కలో పెద్ద తేడా లేదు. 2000లో టైగర్ వుడ్స్ అమెరికా ప్రధాన గోల్ఫ్ సర్క్యూట్ అయిన పీజీఏ టూర్‌లో 20 టోర్నీలు ఆడి 9 గెలిచాడు. 2024లో షెఫ్లర్ 19 ఆడి 7 గెలిచాడు, పైగా పారిస్‌లో ఒలింపిక్ స్వర్ణం. అక్కడ నాలుగు స్ట్రోకుల (బంతిని కొట్టే దెబ్బల) వెనక నుంచి ఆఖరి రోజు మొదలుపెట్టి 62 స్ట్రోకుల్లో ముగించాడు; గోల్ఫ్‌లో ఎంత తక్కువైతే అంత మేలు. మే నెలలో పీజీఏ ఛాంపియన్‌షిప్ జరిగిన వాల్‌హల్లా కోర్సు గేటు దగ్గర పోలీసులు అరెస్టు చేస్తే, విడిచిపెట్టగానే కోర్సుకొచ్చి 66 ఆడాడు. (ఆ కేసు తర్వాత కొట్టేశారులెండి.) ఆ గుండె నిబ్బరానికి దండం పెట్టాల్సిందే.

అయినా నేను మేజర్లే, అంటే ఏటా జరిగే నాలుగు అతి పెద్ద టోర్నీలే చూస్తాను. 2024లో రామ్, డిషాంబో లాంటి మేటి ఆటగాళ్లు పీజీఏ టూర్‌కి పోటీగా వచ్చిన లివ్ లీగ్‌లో ఉన్నారు. వాళ్లూ షెఫ్లర్ ఒకేచోట తలపడే వారాలు దాదాపు ఆ నాలుగే. అందులో షెఫ్లర్‌కి దక్కింది మాస్టర్స్ ఒక్కటి. టైగర్‌కి మూడు, అదీ వరసగా.

పెబుల్ బీచ్ యూఎస్ ఓపెన్ సంగతే చూడండి. టైగర్ పార్‌కి (కోర్సుకి నిర్ణయించిన స్ట్రోకుల లెక్కకి) 12 తక్కువ. రెండో స్థానంలో ఉన్న ఎర్నీ ఎల్స్, హిమెనెజ్ పార్‌కి 3 ఎక్కువ. శనివారం ఒక హోల్‌లో ట్రిపుల్ బోగీ (పార్ కన్నా మూడు ఎక్కువ) చేసి కూడా టైగర్ 15 స్ట్రోకుల తేడాతో గెలిచాడు!

అదే శనివారం పొద్దున, చీకటి పడి ఆగిన రెండో రౌండ్ పూర్తిచేస్తూ 18వ హోల్‌లో టీ షాట్ (మొదటి దెబ్బ) సముద్రంలో పడేశాడు. క్యాడీ స్టీవ్ విలియమ్స్ చూసుకుంటే బ్యాగులో మిగిలింది ఒక్క బంతి. ముందు రాత్రి హోటల్ గదిలో పటింగ్ ప్రాక్టీసుకి తీసినవి అక్కడే ఉండిపోయాయి. ఈ సంగతి టైగర్‌కి తెలీదు. దూరం కొట్టే పెద్ద క్లబ్, డ్రైవర్ వద్దని క్యాడీ ఎంత నచ్చజెప్పినా వినకుండా మళ్లీ డ్రైవరే కొట్టాడు. బంతి దక్కింది. ఆ రెండు నిమిషాల టెన్షన్ అంతా క్యాడీదే.

తర్వాతి నెలలో సెయింట్ ఆండ్రూస్‌లో మరో మేజర్, బ్రిటిష్ ఓపెన్. వందకు పైగా బంకర్లు (ఇసుక గుంతలు) ఉన్న కోర్సులో నాలుగు రోజులూ ఒక్కదాంట్లోనూ పడకుండా 8 స్ట్రోకుల తేడాతో గెలిచాడు.

బైరన్ నెల్సన్ 1945లో 18 గెలిచాడు కదా అంటారు. అది యుద్ధకాలం, వదిలేద్దాం. విజయ్ సింగ్ 2004లోనూ 9 గెలుపులున్నాయి, మేజర్ మాత్రం ఒక్కటే. అయితే 2000లో టైగర్‌కి అందని ఒకే ఒక్క మేజర్, మాస్టర్స్, ఎగరేసుకుపోయింది ఆ విజయ్ సింగే.