ఆదిలాబాద్‌లో పత్తి సీజను గడిపేవారికి పనికొచ్చే మెస్

పత్తి కొనుగోళ్ళు మొదలయ్యాయంటే లెక్కలు రాయడానికి, కాంటా దగ్గర నిలబడడానికి, ప్రెస్సులో అదిమి కట్టిన దూది బేళ్ళు చూసుకోవడానికి బయటి జిల్లాల నుంచి ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లులకు (పత్తి నుంచి గింజ వేరుచేసే మిల్లులకు) వచ్చేవారు చాలామందే ఉంటారు. గుంటూరు వైపు నుంచి వచ్చే నాలాంటివారికి మొదటి నెల హుషారుగానే గడుస్తుంది. డిసెంబరులో చలి పది డిగ్రీల కిందికి దిగి, గేటు బయట బండ్ల బారు తరగక, ఇంటికి వెళ్ళే సెలవు ఎప్పుడో తెలియనప్పుడే అసలు విసుగు మొదలవుతుంది. ఆ రోజుల్లో మనిషిని పనిలో నిలబెట్టేది వేళకు దొరికే అన్నమే అని నా అభిప్రాయం. మార్కెట్ యార్డుకు దగ్గరలో, భార్యాభర్తలిద్దరే నడుపుకుంటున్న ఒక చిన్న మెస్ గురించి రాయడానికి కారణం అదే.

మా పనికి భోజనం వేళ కుదరకపోవడానికి కారణం పత్తిలోనే ఉంది. పొద్దుటి మంచుకు పత్తి చెమ్మగిల్లుతుంది. తేమ 8 శాతం దాటితే ధరలో కోత పడుతుంది, 12 దాటితే కేంద్ర ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ కొనదు కనుక రైతులు ఎండెక్కేదాకా ఆరబెట్టుకుంటారు. దాంతో అందరూ భోజనానికి లేచే వేళకే మా దగ్గర కాంటా ఊపందుకుంటుంది. సాయంత్రం లెక్కలు తేల్చుకుని, ప్రెస్సు నుంచి దిగిన 170 కిలోల బేళ్ళకు నంబర్లు వేయించి బయటపడేసరికి చాలా హోటళ్ళు మూసేస్తారు. ఈ మెస్‌లో మాత్రం నెల టికెట్లు తీసుకున్నవారి వాటా తీసి ఉంచుతారు. "మీ అన్నం తీసిపెట్టిన సార్, ఎప్పుడొచ్చినా తినుండ్రి" అని ఆమె చెప్పడమే కాదు, వచ్చాక చారు మళ్ళీ వేడిచేసి పోస్తారు.

మధ్యాహ్నం పప్పు, ఒక కూర, చారు, మజ్జిగ ఉంటాయి. సాంబారు నాకు నచ్చలేదు, వంకాయ కూర వారంలో మరీ ఎక్కువసార్లు వస్తుంది. రాత్రి భోజనానికే నేను పూర్తి మార్కులు వేస్తాను. చేత్తో తట్టి ఇనుప పెనం మీద కాల్చిన జొన్న రొట్టెలు, వెల్లుల్లి కారం, నువ్వుల పొడి, ఉల్లిపాయ ముక్కలు వేసిన పచ్చిపులుసు పెడతారు. రొట్టె పెనం మీద నుంచి నేరుగా పళ్ళెంలోకి వస్తుంది కాబట్టి ఆ చలిలో దాని విలువ వేరు.

ఉన్నది ఒకటే పొడవాటి బల్ల కావడంతో వేర్వేరు మిల్లుల వాళ్ళమంతా ఒకేచోట కూర్చుంటాం. ఎవరి మిల్లులో ప్రెస్సు ఆగిపోయింది, ఎవరికి పండగ సెలవు దొరికింది అన్న మాటలు అక్కడే నడుస్తాయి. గదికి పోయి ఒంటరిగా ఫోను చూసుకుంటూ తినడం కన్నా ఇది ఎంతో నయం. సంక్రాంతికి ఊరు వెళ్ళలేనివారికి సకినాలు కూడా పెట్టారు (పళ్ళు గట్టిగా ఉన్నవారు ధైర్యంగా తినవచ్చు). సెలవులో వాడని టికెట్లు తర్వాతి నెలలో చెల్లుతాయి.

ఆదివారం రాత్రి మెస్ మూసేయడం పెద్ద లోటు, ఇల్లు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ పూటే. అయితే వారికీ విశ్రాంతి కావాలి కదా. కొత్తగా వచ్చేవారు పూటకింత అని ఇవ్వకుండా మొదటి రోజే నెల టికెట్లు అడిగి తీసుకోవాలి, రాత్రి బాగా ఆలస్యమయ్యేటట్లుంటే ముందుగా ఒక ఫోను చేసి చెప్పాలి.