సెమీ ఆటోమేటిక్ రైఫిల్: భుజానికి తగిలేది వేరు, టార్గెట్ మీద పడేది వేరు

సెమీ ఆటోమేటిక్ (ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక రౌండ్ కాల్చి తర్వాతిదాన్ని తానే లోడ్ చేసుకునేది) మెత్తగా తంతుందని, గురి కావాలంటే మాత్రం బోల్ట్ యాక్షన్ (బారెల్ వెనక మూసే బోల్ట్‌ని ప్రతి రౌండ్‌కీ చేత్తో లాగాల్సినది) తప్ప పనికిరాదని రేంజ్‌లో కొత్తగా చేరినవాళ్లకి మొదటి వారంలోనే ఎవరో ఒకరు నూరిపోస్తారు. ఏళ్ల తరబడి ఈ రైఫిళ్లే కాల్చాక నాకు రెండూ సగం సగం నిజాలుగానే కనిపిస్తున్నాయి. మొదట్లో వాడింది 7.62 (మిల్లీమీటర్ల తూటా) ఫాల్ తరహా రైఫిల్. తర్వాత ఎక్కువ కాలం చేతిలో ఉన్నది 5.56 ఏఆర్-15 తరహాది. మధ్యమధ్యలో స్నేహితుల దగ్గర ఎం1 గారండ్, జీ3 తరహా రైఫిల్ తీసుకుని తనివితీరా కాల్చాను.

ముందు తన్ను సంగతి. రైఫిల్ ఎంత గట్టిగా వెనక్కి వస్తుందనేది బుల్లెట్ బరువు, మందు బరువు, అవి బయటికి వెళ్లే వేగం, రైఫిల్ బరువు కలిసి తేల్చే లెక్క. 7.62లో సుమారు 9.7 గ్రాముల బుల్లెట్ సెకనుకు 850 మీటర్ల దరిదాపు వేగంతో వెళ్తుంది. 5.56లో 3.6 గ్రాముల బుల్లెట్ అంతకంటే వేగంగానే పోతుంది కానీ బరువు మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. మామూలు బరువుండే రైఫిళ్లలో మొదటిదాని తన్ను 20 జౌళ్ల చుట్టుపక్కల, రెండోదానిది 5 జౌళ్ల చుట్టుపక్కల ఉంటుంది. అందుకే ఏఆర్ మెత్తగా ఉందని దాని మెకానిజాన్ని పొగిడేవాళ్లు ముందు ఆ చిన్న తూటాకి దండం పెట్టాలి.

మరి మెకానిజం చేసేదేమిటి? మొత్తం తన్నుని తగ్గించదు, కాలంలో సాగదీస్తుంది. వేగంగా వచ్చే బంతిని చేతులు వెనక్కి తీసుకుంటూ పట్టినట్టన్నమాట. బోల్ట్ యాక్షన్‌లో అంతా ఒకే దెబ్బ. ఫాల్‌లో నాకు మూడు విడివిడిగా తెలిసేవి: బుల్లెట్ వెళ్లేటప్పటి తోపు, బోల్ట్‌ని మోసే బోల్ట్ కారియర్ వెనక గోడకి తగిలిన దెబ్బ, మళ్లీ ముందుకొచ్చి మూసుకున్నప్పుడు మూతిని కిందికి లాగే కుదుపు. ఆ మూడోదాన్ని ఎవరూ లెక్కచెయ్యరు గానీ, రెండో రౌండ్‌కి సైట్ (గురి చూసే భాగం) ఎక్కడ నిలబడుతుందో చాలావరకు అదే తేలుస్తుంది.

ఏఆర్ రూపకర్త యూజీన్ స్టోనర్ చేసిన తెలివైన పని నిజానికి స్టాక్‌ని, అంటే భుజానికి ఆనించే వెనక భాగాన్ని, బారెల్‌కి సూటిగా పెట్టడం. బోల్ట్ విసురుని ఆపే బఫరు (చిన్న బరువు), స్ప్రింగు రెండూ స్టాక్‌లోని గొట్టంలోనే ముందుకీ వెనక్కీ ఆడతాయి. చెంప ఆనించే చోటే ఉంటాయి కాబట్టి, కాల్చిన ప్రతిసారీ స్ప్రింగ్ జరజరమన్న చప్పుడు దవడ ఎముకలో వినిపిస్తుంది. మొదట్లో చిరాకేస్తుంది, తర్వాత అలవాటైపోతుంది. బలం తిన్నగా భుజంలోకి వస్తుంది కనుక మూతి అంతగా లేవదు. గారండ్‌లోలా స్టాక్ వెనక కొన కిందికి వంగి ఉంటే అదే బలం రైఫిల్‌ని పైకి తిప్పుతుంది. సూటి స్టాక్‌కి మూల్యం కూడా ఉంది. సైట్ బారెల్‌కి ఆరేడు సెంటీమీటర్ల ఎత్తులో కూర్చుంటుంది. 100 మీటర్లకి జీరో చేసిన (ఆ దూరంలో చూసినచోటే తగిలేలా సైట్ సరిచేసిన) రైఫిల్‌తో 10 మీటర్లలో కాలిస్తే చూసినచోటుకి అయిదారు సెంటీమీటర్లు కింద తగులుతుంది.

నా రైఫిల్‌లో ఎక్కువ తేడా తెచ్చింది గ్యాస్ దారి పొడవు. మందు మండిన గ్యాస్‌లో కొంత బారెల్‌లోని చిన్న రంధ్రం గుండా వచ్చి బోల్ట్‌ని వెనక్కి తోస్తుంది. మొదటి బారెల్‌లో గ్యాస్ రంధ్రం ఛాంబర్‌కి (తూటా కూర్చునే చోటుకి) 18 సెంటీమీటర్ల దూరంలో ఉండేది. తర్వాత అదే పొడవున్న, రంధ్రం 23 సెంటీమీటర్ల దగ్గరున్న బారెల్ వేయించాను. గ్యాస్‌ని ముందే లాగితే అది ఇంకా ఎక్కువ ఒత్తిడిలో ఉంటుంది, బోల్ట్ తొందరగా, విసురుగా తెరుచుకుంటుంది. తేడా భుజం కంటే ముందు ఖాళీ కేసులు (కాల్చాక మిగిలే తూటా గొట్టాలు) చెప్పాయి. పాత బారెల్‌తో అవి ముందువైపుకి ఎగిరిపడేవి, అంచుని ఎక్స్‌ట్రాక్టర్ (కేసుని బయటికి లాగే కొక్కెం) గీరేసిన గుర్తులుండేవి. ఇప్పుడు కుడిపక్కకి, కాస్త వెనగ్గా ఒకే కుప్పగా పడుతున్నాయి. బఫర్ బరువు కూడా 85 గ్రాముల నుంచి 130 గ్రాములకి పెంచి చూశాను. మెత్తదనం పెరిగింది, కానీ మందు తక్కువ దట్టించిన రౌండ్లతో మ్యాగజీన్ ఖాళీ అయ్యాక బోల్ట్ వెనక నిలబడడం మానేసింది. ఆ రౌండ్లు వాడని వాళ్లకి పర్వాలేదు.

ఇక గురి. బుల్లెట్ బారెల్‌లో ఉండేది దాదాపు మిల్లీసెకను. అది బయటపడేసరికి బోల్ట్ ఇంకా తాళం వేసే ఉంటుంది. అంటే వెనక స్ప్రింగ్ ఎంత మెత్తగా ఉన్నా ఆ బుల్లెట్‌కి సంబంధం లేదు, తర్వాతి బుల్లెట్‌కే. గురిని పాడుచేసేవి వేరే ఉన్నాయి. బారెల్‌కి వేలాడే గ్యాస్ బ్లాకు, పిస్టన్. బారెల్‌ని ఒత్తే హ్యాండ్‌గార్డు (ముందు చెయ్యి పట్టుకునే తొడుగు). బోల్ట్ యాక్షన్ పిన్ను కంటే నెమ్మదిగా పడే బరువైన సుత్తి. పాత హ్యాండ్‌గార్డ్ ఉన్నప్పుడు స్లింగ్ (రైఫిల్ పట్టీ) బిగించి కాలిస్తే గ్రూపు (టార్గెట్ మీద పడిన తూటా గుర్తుల గుంపు) మొత్తం కిందికి జారేది. బారెల్‌ని ఎక్కడా తాకని హ్యాండ్‌గార్డ్ వేశాక ఆ బెడద పోయింది. నేను పెట్టిన ఖర్చులో దీనికి మించిన ఫలితం ఇంకేదీ ఇవ్వలేదు.

బారెల్‌కి వేలాడేవే గురిని చెడగొడతాయన్న మాటకి నాకు దొరికిన గట్టి సాక్ష్యం జీ3. అందులో గ్యాస్‌ని మళ్లించే రంధ్రం లేదు, పిస్టన్ లేదు, రోలర్లు బోల్ట్‌ని కాసేపు ఆలస్యం చేస్తాయంతే. తన్ను మొరటుగా ఉంటుంది, కేసులు నిలువు మసి చారలతో, నొక్కుతో అల్లంత దూరాన పడతాయి. కానీ బారెల్ మీద ఏ బరువూ వేలాడదు కాబట్టి దాని గ్రూపులు ఫాల్‌వి కంటే చిన్నవిగా వచ్చాయి. స్నైపర్ల కోసం చేసిన పీఎస్‌జీ1 ఇదే మెకానిజం మీద కట్టిన సెమీ ఆటోమేటిక్. దాని బరువు 7 కిలోలు దాటుతుంది, అంత బరువులో ఆ మొరటు తన్ను కూడా సద్దుమణుగుతుంది.

గారండ్ గురించి రెండు ముక్కలు. 1936లో అమెరికా సైన్యం తీసుకున్నది, 4.3 కిలోలు, 8 రౌండ్ల క్లిప్. పెద్ద తూటా అయినా తోసినట్టుంటుంది, కొట్టినట్టుండదు. నెమ్మదిగా మండే మందు వాడితే మాత్రం ఆపరేటింగ్ రాడ్ వంగుతుంది, చెక్కలోంచి మాటిమాటికీ ఊడదీస్తే గ్రూపు విచ్చుకుంటుంది.

సెమీ ఆటోమేటిక్‌లో మొదటి రౌండ్ సంగతి అంతగా రాయరు. దాన్ని మనం చేత్తో లోడ్ చేస్తాం, మిగతావాటిని రైఫిల్ తన విసురుతో తోస్తుంది. మెల్లగా మూస్తే మొదటిది గ్రూపుకి పక్కన పడే అవకాశం ఎక్కువ. బోల్ట్‌ని చేత్తో సాగనంపకుండా పూర్తిగా వెనక్కి లాగి వదిలేయాలి. ఏఆర్‌లో ఫైరింగ్ పిన్ వదులుగా ఉంటుంది, అలా లోడైన రౌండ్‌ని బయటికి తీసి చూస్తే ప్రైమర్ (తూటా అడుగున మందుని అంటించే బిళ్ల) మీద చిన్న చుక్కంత గుంట కనిపిస్తుంది. మామూలే, కానీ అదే రౌండ్‌ని పదేపదే లోడ్ చెయ్యకూడదు.

బారెల్ మూతికి మజిల్ బ్రేక్ కూడా బిగించి చూశాను. గ్యాస్‌ని పక్కలకి తిప్పి తన్నుని నిజంగానే తగ్గిస్తుంది. పక్క లేన్‌లో ఉన్నవాడి చెవులూ మొహమూ ఆ గ్యాస్‌కి బలి. తీసేశాను.

ఇప్పుడు ఈ ఏఆర్ మంచి రౌండ్లతో 100 మీటర్లలో నాలుగైదు సెంటీమీటర్ల గ్రూపు ఇస్తోంది. నా బోల్ట్ యాక్షన్ అందులో సగంలో సర్దుకుంటుంది. టైం పెట్టి అయిదు రౌండ్లు కాల్చమంటే మాత్రం బోల్ట్ లాగుతూ సైట్ మళ్లీ వెతుక్కునేలోపు ఏఆర్ పని ముగించేస్తుంది. గ్యాస్ జోలికి ఇక వెళ్లను. ట్రిగ్గర్ కాస్త గరగరలాడుతోంది, తర్వాత మార్చేది అదే.